టాకీసు పిల్ల

మా నాయన కలప డిపోలో లారీలకు దుంగలెత్తేవాడు. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో ఒక దుంగ జారి ఆయన కాలి మీద పడింది. కొత్తగూడెం దవాఖానలో చాలాకాలం ఉండి ఇంటికొచ్చాక, కర్ర పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేయగలిగేవాడు గాని మళ్ళీ పనికి పోలేకపోయాడు. అమ్మ పొగాకు చేలకూ మిరప చేలకూ కూలికి పోయేది. జూలూరుపాడుకు దగ్గరే మా ఊరు. ఊళ్ళో ఆడపిల్లల్లో పది పాసైంది నేనొక్కదాన్ని. ఇంకా చదవడమనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అవి డెబ్బైల్లోని రోజులు. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర భూములు కొనుక్కున్న రైతు ఒకాయన రోడ్డు పక్కన తన ఖాళీ జాగాలో టూరింగ్ టాకీసు పెట్టాడు. పెద్ద డేరా, కింద ఇసుక, ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, మధ్యలో తడక. మొదట్లో జనం విరగబడి వచ్చారు. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు రావడం తగ్గిపోయింది. వాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపేది కూడా మగవాడే. తోపులాటలో వాడి చెయ్యి ఎక్కడెక్కడ తగులుతోందో వాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక రావడమే మానేశారు. అందుకని అక్కడ ఒక ఆడపిల్లను పెడదామనుకున్నారు.

ఆ మాట అడగడానికి టాకీసాయన భార్యే మా ఇంటికి వచ్చింది. అంత పెద్దింటామె మా గడప ముందు నులకమంచం మీద కూర్చుంటే అమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"అమ్మాయిని పంపించండి. నేనూ పక్కనే కూర్చుంటాను. మొదటాటకే ఉంటుంది. ఆట అవగానే మా బండిలో ఇంటి దగ్గర దింపిస్తాను" అందామె.

"సినిమాకాడ పనంటే నలుగురు ఏమనుకుంటరో అమ్మగారూ" అంది అమ్మ.

"టికెట్టు చింపే పనేగా! అక్కడికొచ్చేది మీలాంటి ఆడవాళ్ళేగా!"

నాయన మంచం మీద నుంచే అన్నాడు: "పోనియ్యే. ఇంట్ల నేనొక్కణ్ణి కూసున్నది సాలదా?"

మర్నాటి నుంచే పనిలో చేరాను. నాకు పదహారేళ్ళు.

అది జరిగి వారం కూడా కాలేదు. నాతోపాటు పది రాసి పాసైన ఒక స్నేహితురాలు ఉండేది. మా ఊరికి అవతల ఉన్న తండా నుంచి రోజూ నడిచి బడికి వచ్చేది. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ములకలపల్లి సర్కారు దవాఖాన నర్సమ్మ తన చేతికింద పనికి ఇద్దరు చదువుకున్న ఆడపిల్లలు కావాలని మా సారుతో చెప్పి పంపిందట. సారు మా ఇద్దరి పేర్లూ చెప్పాడట.

"నువ్వు రావానే?" అంది.

"నాకు పని దొరికింది గదా. అమ్మగారికి మాటిచ్చినం."

"అవ్ లే, నీదే మంచిగున్నది. నాకు నెత్తురు, చీము. నీకు రోజూ సినిమా" అని నవ్వింది. ఆ నవ్వులో కొంచెం అసూయ కూడా ఉంది. ఆ రోజు నేను దాన్ని చూసి జాలిపడ్డాను. గుడ్డలు ఉడకబెట్టడం, రోగుల మలమూత్రాలు ఎత్తిపోయడం, ఇంటికి దూరంగా ఎవరి వసారాలోనో పడుకోవడం. దేనికి పోతోందో అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ రెండేళ్ళూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. సాయంత్రం మైకులో పాటలు మొదలుకాగానే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చేవాళ్ళు. చేల నుంచి నేరుగా వచ్చిన వాళ్ళ కొంగుల్లో ఇంకా ఆకుపసరు వాసన ఉండేది. సంకన పిల్లలు, చేతిలో గోనెపట్టా, ఒళ్ళో వేరుశెనగల మూట. నిండు గర్భిణులను తడకకు దూరంగా, గాలి వచ్చే వైపు కూర్చోబెట్టేదాన్ని. పాలు తాగే పిల్లలున్న తల్లులను గేటు పక్కనే ఉంచితే పిల్ల ఏడ్చినప్పుడు ఎవరినీ తొక్కకుండా బయటికి రాగలిగేవాళ్ళు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. నేనే చూసి చూసి తెలుసుకున్నాను.

ఒకసారి ఒక మనిషి తాగి వచ్చి లోపలున్న పెళ్ళాన్ని లాక్కుపోతానని గేటు మీద పడ్డాడు. వంట చెయ్యకుండా సినిమాకు వచ్చిందట. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇది ఆడోళ్ళ గేటు. నీ గేటు అటు."

"నా పెళ్ళాం లోపటున్నది!"

"ఉంటే ఉన్నది. ఆటైనంక వస్తది. అప్పటిదాంక ఆడ కూసో."

నా గొంతు అంత గట్టిగా పలుకుతుందని నాకే తెలియదు. వాడు గొణుక్కుంటూ పోయి సోడాల బండి దగ్గర కూలబడ్డాడు. పక్కనే కుర్చీలో ఉన్న అమ్మగారు నా వీపు తట్టి, "నీకు గొంతుందమ్మాయ్. వందమందినైనా నిలబెడతావ్" అంది. ఆ మాటకు నేను ఎన్ని రోజులు పొంగిపోయానో!

ఆడవాళ్ళు నన్ను టాకీసు పిల్ల అనేవాళ్ళు. బావి దగ్గరా, సంతలోనూ "టాకీసు పిల్లా, ఈ వారం ఏం బొమ్మ?" అని ప్రేమగానే అడిగేవాళ్ళు. ఆ పిలుపులో తప్పేముందో నాకప్పుడు కనబడలేదు.

మూడో ఏడు వేసవిలో పెద్ద గాలిదుమారం వచ్చి డేరా చిరిగి చీలికలైంది. స్తంభాలు విరిగి రోడ్డు మీద పడ్డాయి. టాకీసాయన మళ్ళీ కట్టలేదు. కుటుంబమంతా ఖమ్మం వెళ్ళిపోయి అక్కడ వ్యాపారాల్లోకి దిగారు. పోయేముందు అమ్మగారు ఒక కొత్త చీర ఇచ్చి, "ఎప్పుడేం అవసరమైనా రా" అంది.

ఆ తర్వాత మా ఊరికి బాలవాడి వచ్చింది. చిన్నపిల్లలను మధ్యాహ్నం దాకా చూసుకుని, ఆటలూ పాటలూ నేర్పాలి. పది చదివిన ఆడమనిషి కావాలన్నారు. నేను తప్ప ఎవరున్నారు? నన్ను పెట్టారు. మొదటి రోజుల్లో గది నిండా పిల్లలు. ఒకణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇంకొకరికి ముక్కు తుడుస్తూ, గొంతెత్తి పాట చెబుతూ, నాకు సరిగ్గా ఇదే పని రాసిపెట్టి ఉందనుకున్నాను.

కొన్నాళ్ళకు పిల్లలు ఒక్కరొక్కరే రావడం మానేశారు. మొదట పెద్ద రైతుల ఇళ్ళ పిల్లలు, తర్వాత వాళ్ళను చూసి మిగతావాళ్ళు. ఒక తల్లిని నేనే పోయి అడిగాను. ప్రతివారం డేరాలో ముందు వరసలో కూర్చున్న మనిషే ఆమె. వాకిట్లో నిలబెట్టి తల దించుకుని చెప్పింది.

"నువ్వు మంచిదానివే పిల్లా. నాకు తెల్వదా? గాని మా ఆయన వద్దంటుండు. టాకీసు పిల్ల ఏం నేర్పుతది, డాన్సులా, అంటుండు. నేనేం జేయాలె?"

"నేను తప్పు చేసిన్నా అక్కా?"

"తప్పని ఎవరన్నరు? పేరు గట్ల పడ్డది గంతే."

తనిఖీకి వచ్చిన ఆఫీసరు కూడా అదే అడిగాడు. పిల్లల పాటలు వినలేదు, గది చూడలేదు. "నువ్వేనంట గదా సినిమా డేరాల పని చేసింది! ఏ హీరో అంటే ఇష్టం?" అని అడిగితే వెంట వచ్చిన పెద్దమనుషులంతా నవ్వారు. వాళ్ళు నవ్వడం గదిలో మిగిలిన నలుగురు పిల్లలూ చూశారు. ఆ వానాకాలం అయ్యేలోపే నన్ను తీసేసి, ఊరి పెద్ద ఇంటికి కొత్తగా వచ్చిన కోడలిని పెట్టారు. ఆమె ఎనిమిదో తరగతి చదివింది. ఆ మాట ఎవరికి చెప్పినా "ఏం జేస్తం మరి" అన్నారు.

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఊరి మొదట్లో హోటల్లో చాయ్ తాగుతూనే అంతా తెలుసుకుని, అక్కడి నుంచి అక్కడే వెనక్కి తిరిగిపోయిన సందర్భాలున్నాయి. చివరికి ములకలపల్లిలో సామిల్లులో కలప కోసే ఒకాయన నన్ను చేసుకున్నాడు. అన్నీ విని, "టికెట్లు చింపితే ఏమైతది? దొంగతనం గాదు గద" అన్నాడట. ఆ ఒక్క మాటకే నేను ఆయనను జీవితాంతం గౌరవించాను. మంచివాడు. కొట్టలేదు, తిట్టలేదు. కాని నలుగురిలోకి వెళ్ళి పనిచేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "మళ్ళ ఎందుకు? అందరు మర్సిపోయిండ్రు. మర్సిపోనియ్యి" అనేవాడు. సామిల్లు రంపం మోత వింటూ ఇంట్లోనే ఉండిపోయాను. పిల్లలు కలగలేదు.

నా స్నేహితురాలు ఆ ఊరి దవాఖానలోనే ఉండేది. అప్పటికి ఆమెకు గుడ్డలు ఉడకబెట్టే పని పోయింది. సూది మందు ఇచ్చేది, కట్లు కట్టేది, కాన్పులకు నర్సమ్మతో కలిసి అడవి పల్లెల్లోకి నడిచిపోయేది. ఆ నర్సమ్మే పట్టుబట్టి ఆమెను ట్రైనింగుకు పంపింది. పోయేముందు మా ఇంటికి వచ్చి చెప్పింది. నేను చాయ్ పెట్టి ఇచ్చాను. నన్ను కూడా రమ్మంటుందేమోనని ఆమె ముఖం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె దవాఖానలో పనిచేసి ట్రైనింగుకు పోతోంది. నేను ఏం పని చేశానని పోను? ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. రమ్మని అనకుండానే ఆమె లేచింది.

పెళ్ళయిన ఆరేడేళ్ళకు నా భర్తకు జ్వరం వచ్చింది. అడవి అంచు ఊళ్ళలో వానలు వెనకబట్టాక వచ్చే జ్వరమే. రెండు రోజులు మామూలుగా ఉంది. తర్వాత నన్ను గుర్తుపట్టడం మానేశాడు. మెదడుకు ఎక్కిందన్నారు. భద్రాచలం తీసుకుపోతుండగా జీపులోనే, నా ఒళ్ళోనే పోయాడు.

అత్తవారింట్లో నాకేమీ మిగలలేదు. నాయన అంతకుముందే పోయాడు. అమ్మ కూలి మీద బతకడం ఇష్టం లేక ఖమ్మం వెళ్ళి, పాత అమ్మగారి ఇల్లు వెతుక్కున్నాను. ఆమె జుట్టు నెరిసిపోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వాళ్ళబ్బాయి డాక్టరు చదివి కొత్తగా నర్సింగ్ హోమ్ పెట్టాడు. అప్పటికప్పుడు అతణ్ణి పిలిచింది.

"మన డేరాలో పనిచేసిన అమ్మాయిరా. బంగారం. గుంపు ఎంతున్నా ఒక్క మాటతో ఆపేస్తుంది. నీ దగ్గర పెట్టుకో."

నేను రిక్షాలో వస్తూ తయారు చేసుకున్న మాట వేరే ఉంది. వార్డులో ఏదైనా పని, ఊడ్చేదైనా సరే, లోపల ఉంటే మెల్లగా నేర్చుకుంటానని చెప్పాలనుకున్నాను. ఆమె అంత ప్రేమగా చెప్పాక నా మాటకు చోటు దొరకలేదు. డాక్టరు బాబు ముఖం వెలిగింది. "కాన్పుల వార్డు దగ్గర బంధువులతో చచ్చిపోతున్నామమ్మా. రేపే రమ్మను" అన్నాడు.

అలా మళ్ళీ తలుపు దగ్గర నిలబడ్డాను. పాత టాకీసు గొంతే ఇక్కడా పనికొచ్చింది. ఎవరిని పంపాలో ఎవరిని ఆపాలో చెప్పారు. నేను ఆపాను. నా ఊరి వైపు మాట వినబడితే గుండె లాగేది. "మా బిడ్డ లోపటున్నది, ఒక్కసారి సూసొస్త" అని బతిమాలే తల్లులను టైము అయ్యేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళు తెచ్చి ఇచ్చి, లోపలి కబురు తెచ్చి చెప్పేదాన్ని. నాకు చేతనైంది అంతే.

నా కళ్ళ ముందే ఊడ్చే పనికి వచ్చిన అమ్మాయిలు బెడ్లు సర్దారు, టెంపరేచర్ చూశారు, సెలైన్ పెట్టారు. కొన్నేళ్ళకు తెల్ల చీర కట్టి నడుస్తుంటే జనం వాళ్ళను సిస్టరమ్మా అని పిలిచారు. వాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళని నేననను. వాళ్ళు తలుపుకు లోపల మొదలుపెట్టారు.

ఒకరోజు ధైర్యం చేసి డాక్టరు బాబును అడిగాను.

"అయ్యా, నన్ను కూడ లోపల పనికి తీసుకోండి. నేర్చుకుంట."

"నువ్వు లోపలికొస్తే ఇక్కడ ఎవరుంటారు? నీలాగా ఇంకెవరూ చెయ్యలేరు. అమ్మ ఊరికే చెప్పిందా?" అని మెచ్చుకోలుగా నవ్వి వెళ్ళిపోయాడు.

తిడితే కనీసం ఏడవవచ్చు. నాకు పదహారేళ్ళప్పుడు ఆ ఇంట్లో వాళ్ళు మెచ్చుకుంటే పొంగిపోయాను. ముప్ఫై దాటాక అదే మెచ్చుకోలు విని ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను.

నా స్నేహితురాలు ఒకసారి అక్కడికే వచ్చింది. కాన్పు కష్టమైన ఒక అడవి పల్లె అమ్మాయిని జీపులో తెచ్చింది. ఇప్పుడామె నర్సు. చేతిలో బ్యాగు, ముఖంలో అలసట. నన్ను చూసి గుర్తుపట్టి కూడా ముందు రోగిని లోపలికి పంపి, ఆ తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈడ ఉన్నవా? నాకు తెల్వనే తెల్వదు."

"ఈడనే ఉన్న."

"లోపటి పని ఇయ్యమని అడగలే?"

"అడిగిన."

ఆమెకు కోపం వచ్చింది. డాక్టరు గదిలోకి పోయి చాలాసేపు మాట్లాడింది. నేను బయట నిలబడి తలుపు వైపే చూశాను. బయటికి వచ్చి నా ముఖం చూడకుండా అంది: "చిన్న వయసుల ఐతే నేర్పుకుంటం అంటుండు. సర్కారుల ఆయా పనికి నేను అడుగుత. ఆడ గూడ వయసు సూస్తరు."

"పోనీలే."

"ఆ దినం నాతోని వస్తే నువ్వు గూడ నర్సువైపోతుండె" అని ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆమె తెచ్చిన అమ్మాయి బతికింది. బిడ్డా బతికింది. సాయంత్రం ఇద్దరినీ చూసుకుని ఆమె జీపెక్కి పోయింది. తర్వాత మాట ప్రకారం నా గురించి అడిగిందట. వయసు దాటిందన్నారట.

అమ్మగారు పోయారు. నర్సింగ్ హోమ్ పెద్దదైంది, అద్దాల తలుపులు వచ్చాయి. యూనిఫారాలు వేసుకున్న సెక్యూరిటీవాళ్ళు వచ్చారు. డాక్టరు బాబు నన్ను పిలిచి మర్యాదగానే చెప్పాడు, ఇక పెద్దదానివయ్యావు, ఊళ్ళో అమ్మ దగ్గర ఉండమన్నాడు. నలభై ఏళ్ళు కూడా పూర్తిగా నిండలేదు నాకు.

మా ఊరికి వచ్చాను. అమ్మ ఇంకా కూలికి పోతోంది. ఆ సీజన్లో మిరపకాయ ఏరడానికి మనుషులు దొరకడం లేదని, మేస్త్రీ నన్నూ ట్రాక్టరెక్కించుకున్నాడు. ఆ పనిలోకి నేను అంతకుముందెప్పుడూ పోలేదు. మా ఊళ్ళో ఏ ఆడపిల్లయినా పదేళ్ళకు నేర్చుకునే పని అది. నాకు రాదు. కాయను ఏ వైపుకు వంచి తుంచాలో తెలియక కొమ్మలు విరిగాయి. పండు కాయతోపాటు పచ్చి కాయ వచ్చింది. మధ్యాహ్నానికి వేళ్ళు మంటలెత్తాయి. తెలియక ముఖం తుడుచుకుంటే కళ్ళు కనబడలేదు. నా వయసులో సగం వయసున్న పిల్లలు సాలు చివర చెట్టు నీడకు చేరి నీళ్ళు తాగుతుంటే నేనింకా సగంలోనే ఉన్నాను.

"ఎవరే ఆమె? ఏరనే రాదు!" అని ఒక కొత్త కోడలు అడిగింది.

"టాకీసు పిల్ల గదా" అంది ఇంకొకామె. వెక్కిరించలేదు, ఆనవాలు చెప్పిందంతే. ఆ కోడలు పుట్టేనాటికే ఆ డేరా లేదు. ఆ పేరు మాత్రం ఉంది.

అమ్మ తన సాలు పూర్తి చేసి, నా సాలుకు అటు చివర నుంచి ఏరడం మొదలుపెట్టింది. ఆమె నడుము అప్పటికే వంగిపోయింది. ఆ చేతులు మాత్రం చూస్తుండగానే ఒక్కొక్క చెట్టునూ ఖాళీ చేస్తూ నా వైపు వచ్చాయి. మేమిద్దరం ఎదురుపడ్డాక నా అరచేతులు తిప్పి చూసింది. "ఇంటికి పోయినంక మజ్జిగల పెడుదువు గాని" అంది. అంతకంటే ఏం అంటుంది?

నన్ను చూసి జాలిపడ్డవాళ్ళే గాని, నాకు కీడు తలపెట్టినవాళ్ళు నా జీవితంలో ఒక్కరూ లేరు. అమ్మగారు మంచిది. నా భర్త మంచివాడు. డాక్టరు బాబు చెడ్డవాడు కాడు. ఎవరిని తిట్టుకోవాలో తెలియక నేను చాలా ఏళ్ళు నన్నే తిట్టుకున్నాను. పదహారేళ్ళ పిల్ల ఒక సాయంత్రం చేతికొచ్చిన పనికి సరేనంది. ఆ పనిని ఎంతో ఇష్టంగా, బాగా చేసింది. దాని తర్వాత ఏ పనికి పోయినా జనం ఆ పనినే చూశారు.

మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ అన్నం మూటలు కట్టుకుని రోడ్డు మీదికి పోయాం. ట్రాక్టరు వచ్చింది. మేస్త్రీ పైనుంచి చెయ్యి అందించి అమ్మను ఎక్కించుకున్నాడు. నేను కాలు పెట్టబోతే ఆపాడు.

"నువ్వొద్దక్కా. చెట్లు ఇరుగుతున్నయని రైతు ఒర్లుతుండు. ఏమనుకోకు."

అమ్మ దిగబోయింది. నేను వద్దని చెయ్యి ఊపాను. ట్రాక్టరు కదిలింది. అరవై దగ్గరపడ్డ మా అమ్మ ఆ పడుచు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని, మలుపు తిరిగేదాకా నా వైపే చూసింది. నేను నా మూట కూడా ఆమెకు ఇచ్చి ఉంటే మధ్యాహ్నం ఇంకో ముద్ద ఎక్కువ తినేదనిపించింది. కాసేపు అక్కడే నిలబడి, ఇంటికి తిరిగి వచ్చాను.